మార్గం పొడిగిస్తే చాలునా?
భాగ్యనగర బస్సు వ్యవస్థ విస్తరణ వెనుక ఉన్న లెక్క

దుప్పటి ఉన్నంత మేరకే కాళ్లు చాపుకోవాలని మన పెద్దలు చెప్పారు. గృహస్థును ఉద్దేశించి చెప్పిన ఈ హితవు మహానగరాల బస్సు రవాణాకు కూడా చక్కగా వర్తిస్తుంది. నగరం ఏటేటా కాళ్లు చాపుతూనే ఉన్నది. శివార్లలో కొత్త కాలనీలు వెలుస్తున్నాయి. ప్రతి కాలనీ సంక్షేమ సంఘం నుండి "మా వద్దకు కూడా బస్సు వేయండి" అన్న విజ్ఞప్తి డిపో మేనేజరు బల్ల మీదికి చేరుతుంది. కొంతకాలానికి మార్గం పొడిగిస్తారు; కొబ్బరికాయ కొడతారు; బస్సు ముందు బోర్డు మారుతుంది. అయితే దుప్పటి కూడా ఆ మేరకు పెరిగిందా అన్న ప్రశ్న సాధారణంగా ఎవరూ అడగరు. ఇక్కడ దుప్పటి అంటే బస్సుల సంఖ్య, వాటిని నడిపే సిబ్బంది, రోడ్డు మీద బస్సు సాధించగల వేగం.

ఈ ప్రశ్నను ఇప్పుడు అడగవలసిన అవసరం ఏర్పడింది. కేంద్ర ప్రభుత్వం 2024లో ప్రారంభించిన పి.ఎం. ఇ-డ్రైవ్ పథకం కింద 2025లో ఐదు నగరాలకు మొత్తం 10,900 విద్యుత్ బస్సులను కేటాయించింది. అందులో బెంగుళూరుకు 4,500, ఢిల్లీకి 2,800, హైదరాబాదుకు 2,000, అహ్మదాబాదుకు 1,000, సూరత్‌కు 600 బస్సులు వచ్చాయి. ఒక నగరానికి ఒకే విడతలో 2,000 బస్సులన్నది చిన్న విషయం కాదు. వాటిని ఏ విధంగా వినియోగిస్తారన్న దాని మీద రాబోయే పది పదిహేనేళ్లపాటు మన పిల్లలు కళాశాలకు వెళ్లే తీరు, మన కాంట్రాక్టు కార్మికులు రెండవ షిఫ్టు ముగించుకుని ఇల్లు చేరే తీరు, పదవీ విరమణ చేసిన మన సహోద్యోగులు ఆసుపత్రికి వెళ్లే తీరు ఆధారపడి ఉంటాయి. కనుక ఈ విషయాన్ని ఇంజినీరింగు దృష్టితో, సాధ్యమైనంత సరళంగా, పాఠకుల ముందుంచడం ఈ వ్యాసం ఉద్దేశం.

బోర్డుల మీద కర్మాగారాల పేర్లు

హైదరాబాదు నగరానికి, ప్రభుత్వ రంగ బస్సుకు ఉన్న అనుబంధం చాలా పాతది. నిజాం రాజ్యంలో రైల్వే శాఖకు అనుబంధంగా 1932 జూన్ నెలలో రోడ్డు రవాణా విభాగం ఏర్పడింది. ఆనాడు ఉన్నవి 27 బస్సులు, 166 మంది సిబ్బంది. దేశ స్వాతంత్ర్యానంతరం, 1951 నవంబరులో ఆ విభాగం హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వంలో భాగమైంది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ అవతరించింది. రాష్ట్ర విభజన అనంతరం తెలంగాణకు ప్రత్యేక సంస్థ ఏర్పడింది. గౌలిగూడలో విమానాల హ్యాంగరును పోలిన విశాలమైన ఇనుప షెడ్డు ఎన్నో దశాబ్దాలు బస్ స్టేషనుగా సేవలందించి, 2018 జూలైలో కూలిపోయింది. దూరప్రాంత సర్వీసులు అప్పటికే 1994లో మూసీ తీరాన వెలసిన మహాత్మాగాంధీ బస్ స్టేషనుకు తరలిపోయాయి.

నగర బస్సు మార్గాల పటాన్ని పరిశీలిస్తే ప్రభుత్వ రంగ పరిశ్రమల ముద్ర స్పష్టంగా కనిపిస్తుంది. రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్., బాలానగర్ దిశలో ఐ.డి.పి.ఎల్., 1967లో ఇ.సి.ఐ.ఎల్., 1970లో భారత్ డైనమిక్స్, 1971లో అణు ఇంధన సముదాయం, 1973లో మిధాని ఇలా ఒకదాని తరువాత ఒకటిగా ఆనాటి ఊరి పొలిమేరలలో వెలిశాయి. వాటి వెంట బస్సు నడిచింది. బస్సు వెంట జనావాసాలు పెరిగాయి. కాలక్రమంలో బి.హెచ్.ఇ.ఎల్., ఐ.డి.పి.ఎల్., ఇ.సి.ఐ.ఎల్. అన్నవి కర్మాగారాల పేర్లుగా కంటే బస్టాపుల పేర్లుగానే సామాన్యులకు సుపరిచితమైనాయి. ఐ.డి.పి.ఎల్. కర్మాగారంలో ఉత్పత్తి నిలిచి ఏళ్లు గడిచినా ఆ స్టాపు పేరు మాత్రం మారలేదు.

ఆనాటి మార్గాల కూర్పులో ఒక తర్కం ఉండేది. అన్ని దారులూ కోఠి, అఫ్జల్‌గంజ్, సికింద్రాబాదుల వైపే సాగేవి. పటాన్‌చెరు నుండి కోఠికి 218, సికింద్రాబాదుకు 219 నంబరు బస్సులు నడిచేవి. కచేరీలు, బజార్లు, పెద్దాసుపత్రులు, కళాశాలలు నగర మధ్యభాగంలోనే ఉండేవి కనుక ఈ ఏర్పాటు సరిపోయింది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఉద్యోగాల దిశ పడమటికి మళ్లింది. 2007లో చుట్టుపక్కల 12 పురపాలక సంఘాలను కలుపుకుని మహానగరపాలక సంస్థ సుమారు 625 చదరపు కిలోమీటర్లకు విస్తరించింది. 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి వచ్చింది. ఉప్పల్‌లో నివసించే యువతి గచ్చిబౌలిలో, ఎల్.బి. నగర్ నివాసి పటాన్‌చెరులో పనిచేయడం మామూలైపోయింది. ఇరుసు నుండి చువ్వల వలె సాగిన పాత మార్గాలు ఈ అడ్డదిడ్డమైన ప్రయాణాలకు చాలవు. కొత్త మార్గాలు కావాలి, పాత మార్గాలకు పొడిగింపులూ కావాలి. ఇందులో అభిప్రాయభేదానికి తావులేదు. చిక్కంతా వాటికయ్యే వెల వద్దనే ఉన్నది.

పొడిగింపుకు వెల ఎంత?

బస్సుల నిర్వహణలో ఒక చిన్న సూత్రం ఉన్నది. బస్సు ఒక చివర నుండి రెండవ చివరకు వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయాన్ని, ఒక బస్సుకూ మరొక బస్సుకూ నడుమ ఉండవలసిన వ్యవధితో భాగిస్తే ఆ మార్గానికి ఎన్ని బస్సులు కావాలో తెలుస్తుంది. ఎనిమిదవ తరగతి విద్యార్థి కూడా చేయగల ఈ భాగహారంలోనే నగర రవాణా రహస్యం చాలావరకు ఇమిడి ఉన్నది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మార్గం పొడవు 15 కిలోమీటర్లు, బస్సు సగటు వేగం గంటకు 15 కిలోమీటర్లు అనుకుందాం. ఒకవైపు 60 నిమిషాలు, రానుపోను 120 నిమిషాలు పడుతుంది. లెక్క సౌలభ్యం కోసం చివర్లలో సిబ్బంది విశ్రాంతి సమయాన్ని పక్కన పెడదాం. ప్రతి 10 నిమిషాలకు ఒక బస్సు కావాలంటే 120ని 10తో భాగించగా 12 బస్సులు అవసరం.

ఇప్పుడు ఈ మార్గాన్ని శివారు కాలనీ వరకు 5 కిలోమీటర్లు పొడిగించారనుకుందాం. అక్కడ రద్దీ తక్కువ కనుక గంటకు 20 కిలోమీటర్ల వేగం సాధ్యమే. ఒకవైపు 15 నిమిషాలు అదనం. రానుపోను సమయం 150 నిమిషాలకు చేరింది. వ్యవధి 10 నిమిషాలుగానే ఉండాలంటే 15 బస్సులు కావాలి. అదనంగా 3 బస్సులు ఇవ్వకుండా ఉన్న 12 బస్సులతోనే నడిపితే వ్యవధి 12.5 నిమిషాలవుతుంది. కొత్త కాలనీకి బస్సు వచ్చింది, సంతోషమే. అయితే ఆ మార్గంలోని పాత స్టాపులన్నింటిలోను నిరీక్షణ పెరిగింది. ఒకరికి కప్పిన దుప్పటి మరొకరి మీద నుండి లాగినదే.

మార్గం అంగుళమైనా పొడిగించకపోయినా ఇదే నష్టం మరో దారిలో కలుగుతుంది. రోడ్డు మీద రద్దీ పెరిగి, మొదటి 15 కిలోమీటర్లలో బస్సు వేగం గంటకు 15 నుండి 12 కిలోమీటర్లకు పడిపోయిందనుకుందాం. ఒకవైపు ప్రయాణం 60 నిమిషాల నుండి 75 నిమిషాలకు పెరుగుతుంది. అనగా వేగంలో 3 కిలోమీటర్ల తగ్గుదల, 5 కిలోమీటర్ల పొడిగింపు ఈ మార్గంలో సమానం. రెండూ 3 బస్సులను మింగివేస్తాయి. రెండూ ఒకేసారి సంభవిస్తే రానుపోను సమయం 180 నిమిషాలు. 12 బస్సులతో వ్యవధి 15 నిమిషాలు. డిపో రిజిస్టరులో బస్సుల సంఖ్య మారలేదు. పటం మీద మార్గం పెరిగింది. కాని స్టాపులో నిలబడిన మనిషికి గంటకు 6 బస్సులకు బదులు 4 మాత్రమే వస్తున్నాయి.

బస్సుకు 60 మంది చొప్పున లెక్కిస్తే, గంటకు 360 మందిని తీసుకువెళ్లిన మార్గం ఇప్పుడు 240 మందినే తీసుకువెళుతుంది. తక్కిన 120 మంది ఏమవుతారు? కొందరు ఫుట్‌బోర్డు మీద వేలాడుతారు. కొందరు షేర్ ఆటో ఎక్కుతారు. వీలైనవారు నెలవారీ వాయిదాల మీద ద్విచక్ర వాహనం కొంటారు. ఆ వాహనాలన్నీ అదే రోడ్డు మీదికి వచ్చి బస్సు వేగాన్ని మరికొంత తగ్గిస్తాయి. వేగం తగ్గితే వ్యవధి పెరుగుతుంది. వ్యవధి పెరిగితే మరికొందరు బస్సు మానుకుంటారు. ఈ విషవలయాన్ని ఎక్కడో ఒకచోట ఛేదించకుండా ఎన్ని కిలోమీటర్లు పొడిగించినా ప్రయోజనం పరిమితమే.

జంటగా వచ్చే బస్సులు

"అరగంట నుండి ఒక్కటీ లేదు, ఇప్పుడు రెండు కలిసి వచ్చాయి" అన్న మాట బస్టాపులో వినని వారుండరు. చాలామంది దీనిని డ్రైవర్ల నిర్లక్ష్యంగా భావిస్తారు. వాస్తవానికి ఇది వ్యవస్థ స్వభావంలోనే ఉన్న లోపం. ఏ కారణం చేతనైనా ముందు బస్సు రెండు నిమిషాలు ఆలస్యమైతే, తరువాతి స్టాపులో దాని కోసం వేచి ఉన్నవారి సంఖ్య పెరుగుతుంది. వారు ఎక్కేసరికి మరింత ఆలస్యమవుతుంది. వెనుక బస్సుకు మాత్రం ఎక్కేవారు తగ్గుతారు. అది వేగంగా వచ్చి ముందు బస్సును కలుసుకుంటుంది. మొదటిది కిక్కిరిసి, రెండవది ఖాళీగా, రెండూ ఒకదాని వెనుక ఒకటి సాగుతాయి.

దీని వలన కలిగే నష్టాన్ని కూడా లెక్కించవచ్చు. గంటకు 6 బస్సులు సమానమైన వ్యవధిలో వస్తే సగటు నిరీక్షణ 5 నిమిషాలు. అవే 6 బస్సులు ప్రతి 20 నిమిషాలకు రెండేసి చొప్పున జంటగా వస్తే సగటు నిరీక్షణ 10 నిమిషాలు. బస్సులు అన్నే, డీజిలు అంతే, జీతాలు అవే. ప్రయాణికుడి నిరీక్షణ మాత్రం రెట్టింపు. కనుక విస్తరణ ప్రణాళికలో బస్సుల కొనుగోలుకు ఎంత ప్రాధాన్యం ఉందో, వాటి మధ్య ఎడం కాపాడే నియంత్రణకు కూడా అంతే ప్రాధాన్యం ఉండాలి. నేడు బస్సులలో స్థాన సూచిక పరికరాలు అమర్చడం సాధ్యమైంది. ఆ సమాచారాన్ని ప్రయాణికుల ఫోనుకు పంపడంతో సరిపెట్టక, కంట్రోలరు చేతికి అందించి, జంటగా వస్తున్న బస్సులలో ఒకదానిని కొద్ది నిమిషాలు ఆపి పంపే అధికారం కూడా అతనికి ఇవ్వాలి. మన కర్మాగారంలో మీటరు చూసి వాల్వు తిప్పే మనిషి లేకపోతే ఆ మీటరు గోడకు అలంకారం మాత్రమే కదా.

ఒకే బస్సా, మారవలసిన బస్సా?

మన ప్రజలు బస్సు మారడానికి ఇష్టపడరు. ఇంటి దగ్గర ఎక్కితే పని దగ్గర దిగాలని కోరుకుంటారు. ఆ కోరిక సహజమైనదే. దాని ఫలితంగానే హైదరాబాదులో నంబర్ల పక్కన అక్షరాలు చేరి మార్గాలు శాఖోపశాఖలుగా పెరిగాయి. సికింద్రాబాదు నుండి మెహిదీపట్నానికి 5కె, 49ఎం, సికింద్రాబాదు నుండి కొండాపూర్‌కు 10హెచ్, కోఠి నుండి కొండాపూర్‌కు 127కె ఇలా ఎన్నో ఉన్నాయి. నగరవాసులకు ఇవి కంఠస్థం. కొత్తగా వచ్చినవారికి మాత్రం గూఢలిపి.

నాలుగు శివారు కాలనీలను ఊహించుకుందాం. నాలుగింటి నుండి ఒకే కూడలి మీదుగా నగర మధ్యభాగానికి నాలుగు ప్రత్యక్ష మార్గాలున్నాయి. ఒక్కొక్కదాని రానుపోను సమయం 160 నిమిషాలు. మొత్తం 16 బస్సులు, మార్గానికి 4 చొప్పున. ప్రతి కాలనీకి 40 నిమిషాలకు ఒక బస్సు. ఇప్పుడు ఆ మార్గాలను కూడలి వద్ద విడదీద్దాం. కాలనీ నుండి కూడలికి రానుపోను 40 నిమిషాలు, కూడలి నుండి నగరానికి రానుపోను 120 నిమిషాలు. 8 బస్సులను ఫీడర్ సర్వీసులకు, 8 బస్సులను ప్రధాన మార్గానికి కేటాయిస్తే కాలనీలో ప్రతి 20 నిమిషాలకు, కూడలిలో ప్రతి 15 నిమిషాలకు బస్సు దొరుకుతుంది.

ఈ మార్పు వలన అందరికీ లాభమేనని చెప్పడం నిజాయితీ కాదు. కాలనీ నుండి కూడలిలోని పాఠశాలకు, బజారుకు, మెట్రో స్టేషనుకు వెళ్లేవారికి గొప్ప మేలు జరుగుతుంది. నగరం దాకా వెళ్లేవారికి సగటు నిరీక్షణ 20 నిమిషాల నుండి 17.5కు మాత్రమే తగ్గుతుంది. పైగా సామాను, చంటిబిడ్డతో దిగి ఎక్కవలసి వస్తుంది. ప్రధాన మార్గం మీద మధ్యలో ఎక్కేవారికి అంతకు మునుపు నాలుగు మార్గాల బస్సులూ కలిపి 10 నిమిషాలకొకటి దొరికేది. ఇప్పుడది 15 నిమిషాలవుతుంది. కనుక ఫీడరు విధానం ప్రవేశపెట్టేటప్పుడు ప్రధాన మార్గానికి అదనపు బస్సులు ఇవ్వడం తప్పనిసరి. మరో మూడు వసతులు కూడా ఉండాలి. బస్సు మారే చోట నీడ, కూర్చునేందుకు స్థలం, వెలుతురు ఉండాలి. ఆరు వరుసల రోడ్డును ప్రాణాలరచేత పెట్టుకుని దాటవలసిన అగత్యం ఉండరాదు. రెండు ప్రయాణాలకు ఒకే టికెట్టు చెల్లాలి.

ఈ మూడవ షరతు మెట్రో రైలు విషయంలో మరింత ముఖ్యం. 2017 నవంబరులో ప్రారంభమై మూడు కారిడార్లలో సుమారు 69 కిలోమీటర్ల మేర విస్తరించిన మెట్రో, నగర రవాణాకు వెన్నెముక వంటిది. మెట్రో ఉన్న చోట ప్రధాన మార్గపు బస్సులను తీసివేసి అన్నింటినీ ఫీడర్లుగా మార్చవచ్చు కదా అని కొందరు సూచిస్తారు. కాగితం మీద ఇది ఆకర్షణీయమే. అయితే 2023 డిసెంబరు 9 నుండి అమలులోకి వచ్చిన మహాలక్ష్మి పథకం ద్వారా తెలంగాణ మహిళలు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచితంగా ప్రయాణిస్తున్నారు. మెట్రో రైలులో ఆ సౌకర్యం లేదు. ఇళ్లలో పనిచేసే మహిళకు, దుకాణంలో కొలువు చేసే యువతికి బస్సు తీసివేసి రైలు చూపడం అంటే ఆమె జీతంలో నుండి రోజూ కొంత కోత విధించడమే. చార్జీల అనుసంధానం జరిగిన తరువాతనే మార్గాల అనుసంధానం ఆలోచించాలి.

ఆ పథకం వలన నగర బస్సులలో రద్దీ గణనీయంగా పెరిగింది. ఈ రద్దీని కొందరు సమస్యగా మాత్రమే చూస్తున్నారు. ఇంజినీరు దృష్టిలో అది అమూల్యమైన కొలత కూడా. కండక్టరు ఇచ్చే ప్రతి జీరో టికెట్టు మీద ఎక్కిన చోటు, దిగే చోటు నమోదవుతాయి. ఇంతకాలం చార్జీ భారం వలన, నిరీక్షణ భయం వలన ఇల్లు కదలని ప్రయాణాలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఆ టికెట్టు యంత్రాలు చెప్పగలవు. కొత్త మార్గాలను నిర్ణయించేందుకు విజ్ఞప్తుల దొంతర కంటే ఇది నమ్మదగిన ఆధారం.

రోడ్డు మీద బస్సుకు చోటు

వేగం తగ్గితే బస్సులు మాయమవుతాయని పైన చూశాము. దీని తిరుగులెక్క కూడా నిజమే. వేగం పెంచితే కొనకుండానే బస్సులు లభిస్తాయి. మన ఉదాహరణలో వేగాన్ని 12 నుండి 15 కిలోమీటర్లకు పెంచగలిగితే 3 బస్సులు ఆదా అవుతాయి. 2006లో ప్రకటించిన జాతీయ నగర రవాణా విధానం, రహదారి స్థలాన్ని వాహనాలకు కాక మనుషులకు పంచాలని సూచించింది. ఒక వరుసలో గంటకు 60 బస్సులు, బస్సుకు 60 మందితో నడిస్తే 3,600 మంది ప్రయాణిస్తారు. అదే వరుసను ఒకరిద్దరితో వెళ్లే కార్లకు వదిలితే అంతమందిని తరలించడం సాధ్యం కాదు.

అయినా ఆచరణలో మన నగరాల అనుభవం మిశ్రమంగానే ఉన్నది. అహ్మదాబాదులో 2009లో ప్రారంభమైన జనమార్గ్ బస్సులకు రోడ్డు మధ్యలో ప్రత్యేక దారి కల్పించి, నిలదొక్కుకుంది. ఢిల్లీలో 2008లో అంబేద్కర్ నగర్ నుండి మూల్‌చంద్ వరకు నిర్మించిన 5.8 కిలోమీటర్ల కారిడారు వివాదాల పాలై, 2016లో తొలగించబడింది. బెంగుళూరులో 2019లో బాహ్య వలయ రహదారి మీద సిల్క్ బోర్డు నుండి టిన్ ఫ్యాక్టరీ వైపు బస్సులకు ప్రత్యేక వరుస కేటాయించారు. తరువాత మెట్రో నిర్మాణ పనుల వలన దానికి అంతరాయం కలిగింది. మన తెలుగు నేలపై విశాఖపట్టణంలోను, విజయవాడలోను బి.ఆర్.టి.ఎస్. రహదారులు నిర్మించారు. విజయవాడలో ఆ మాట నేడు ఒక వీధి పేరు. బస్సుకు ప్రాధాన్యమిచ్చే వ్యవస్థ పేరు కాదు.

వీటి నుండి గ్రహించదగిన విషయం ఒకటి ఉన్నది. కాంక్రీటు పోసి గోడ కట్టినంత మాత్రాన ప్రాధాన్యం లభించదు. ఆ దారిలో తరచుగా బస్సులు నడిచి, సామాన్యుడికి లాభం కళ్లెదుట కనిపించినప్పుడే అది నిలుస్తుంది. హైదరాబాదులో నగరమంతటా ఒకేసారి ప్రత్యేక దారులు సాధ్యం కాకపోవచ్చు. రద్దీ కూడళ్ల వద్ద బస్సుకు కొన్ని సెకన్ల ముందస్తు సిగ్నలు, బస్ బేలలో ఆటోలు, కార్లు ఆగకుండా కట్టుదిట్టం, ఉదయం సాయంత్రం రెండేసి గంటలపాటు ఎంపిక చేసిన రహదారుల మీద ఎడమ వరుస బస్సులకే కేటాయింపు వంటివి తక్కువ వ్యయంతో ప్రారంభించదగినవి.

విద్యుత్ బస్సులు: బదులా, అదనమా?

ఇక 2,000 విద్యుత్ బస్సుల విషయానికి వద్దాము. ఈ బస్సుల కోసం ఉమ్మడి టెండరు బాధ్యతను కన్వర్జెన్స్ ఎనర్జీ సర్వీసెస్ లిమిటెడ్ చేపట్టడం మనవంటి ప్రభుత్వ రంగ ఉద్యోగులకు ఆసక్తి కలిగించే అంశం. ఈ విధానంలో బస్సును కొని, డ్రైవరుతో సహా నడిపేది ప్రైవేటు ఆపరేటరు. రవాణా సంస్థ అతనికి కిలోమీటరుకు ఇంత అని చెల్లిస్తుంది. టికెట్టు రాబడి సంస్థకు వస్తుంది. నగరంలో డీజిలు బస్సుల స్థానంలో విద్యుత్ బస్సులు నడపాలన్నది ప్రభుత్వం ప్రకటించిన లక్ష్యం. నగర వాయువు దృష్ట్యా ఇది ఎంతో అభిలషణీయం. నిశ్శబ్దంగా, పొగ లేకుండా సాగే బస్సు ఎవరికి చేదు?

కాని ప్రయాణికుడి పక్షాన ఒక ప్రశ్న వేసి తీరాలి. కొత్తగా వచ్చే ప్రతి బస్సుకు ఒక పాత బస్సు చొప్పున తొలగిస్తే గాలి శుభ్రపడుతుంది, నిరీక్షణ మాత్రం నిమిషమైనా తగ్గదు. కేంద్ర పట్టణాభివృద్ధి మంత్రిత్వ శాఖ 2009లో రూపొందించిన సేవా ప్రమాణాల ప్రకారం ప్రతి వేయి మంది జనాభాకు 0.6 లేదా అంతకు మించి బస్సులుంటే అది ఉత్తమ స్థాయి. 2011 జనాభా లెక్కలలో హైదరాబాదు నగర సముదాయం జనాభా 77 లక్షలకు పైబడింది. ఆనాటి జనాభాకే 4,600కు పైగా బస్సులు కావాలి. ఆ సంఖ్యను నగరం ఏనాడూ అందుకోలేదు సరికదా, 2019 నాటి 52 రోజుల సమ్మె అనంతరం వందల సంఖ్యలో నగర సర్వీసులు తగ్గాయి. అటుపిమ్మట జనాభా పెరిగింది, నగర విస్తీర్ణం పెరిగింది, ఉచిత ప్రయాణం వచ్చింది. కనుక వచ్చే 2,000 బస్సులలో ఎన్ని బదులుగా, ఎన్ని అదనంగా అన్నదే ఈ ప్రణాళికకు అసలైన గీటురాయి.

విద్యుత్ విషయంలోను ముందుచూపు అవసరం. ఒక బస్సు రోజుకు 200 కిలోమీటర్లు నడిచి, కిలోమీటరుకు సుమారు 1.2 యూనిట్లు వాడుతుందనుకుందాం. 100 బస్సులున్న డిపోకు రోజుకు 24,000 యూనిట్లు కావాలి. రాత్రి 6 గంటలలో ఛార్జింగు పూర్తి కావాలంటే 4 మెగావాట్ల లోడు. అది ఒక మధ్యతరహా కర్మాగారానికి సరిపడే లోడు, 33 కె.వి. సరఫరా, ట్రాన్స్‌ఫార్మర్లు, ఛార్జర్లు, వాటికి స్థలం అవసరమవుతాయి. బస్సు వచ్చి సబ్‌స్టేషను సిద్ధం కాకపోతే, పెళ్లికొడుకు వచ్చి పందిరి లేచినట్లు లేని పరిస్థితి ఎదురవుతుంది. అంతేకాక, మధ్యాహ్నం గంటో గంటన్నరో ఛార్జింగుకు నిలిపిన బస్సు ఆ సమయంలో మార్గం మీద ఉండదు. మన భాగహారంలో ఆ నిమిషాలు కూడా చేరతాయి. ఆ మేరకు అదనపు బస్సులు ఉండాలి.

మనం చేయదగినది

ఇదంతా ప్రభుత్వం, రవాణా సంస్థ చూసుకోవలసిన విషయమని సరిపెట్టుకోవచ్చు. అయితే మన కర్మాగారం గేట్ల వద్ద నిత్యం వేలమంది బస్సు కోసం నిలబడుతున్నారు. టౌన్‌షిప్ క్వార్టర్లలో నివసించే మనకు దూరం తెలియదు. శివారు గ్రామాల నుండి వచ్చే కాంట్రాక్టు కార్మికుడికి, క్యాంటీను మహిళకు, రెండవ షిఫ్టు ముగిసిన తరువాత వచ్చే చివరి బస్సు తప్పితే ఆ రాత్రి ఆటోకే ఆ రోజు కూలిలో పెద్ద భాగం పోతుంది. "మా గేటుకు మరో బస్సు వేయండి" అని వారి తరఫున విజ్ఞప్తి పంపడం సులభం. ఆ బస్సు మరో స్టాపు నుండి లాగినదై ఉండకుండా చూడాలంటే అంకెలు కావాలి.

గుణవలయాల ఉద్యమ కాలం నుండి మన ఉద్యోగులకు కొలవడం అలవాటే. ప్రతి గేటు వద్ద ఇద్దరు ముగ్గురు స్వచ్ఛందంగా ఒక వారంపాటు షిఫ్టు మారే వేళల్లో బస్సు వచ్చిన సమయం, మార్గం నంబరు, ఎక్కలేక మిగిలిపోయిన వారి సంఖ్య ఒక పట్టికలో నమోదు చేయవచ్చు. వేసవి సెలవుల్లో మన ఇంజినీరింగు విద్యార్థులైన పిల్లలు ఆ పట్టికల నుండి వ్యవధులు, సగటు నిరీక్షణ లెక్కించగలరు. జంటగా వచ్చే బస్సులెన్నో, షిఫ్టు ముగిసే 10 నిమిషాల ముందే వెళ్లిపోయే బస్సులెన్నో అప్పుడు తేటతెల్లమవుతాయి. కొన్ని సందర్భాలలో కొత్త బస్సు అవసరమే లేక, ఉన్న బస్సు వేళను పావుగంట జరిపితే సరిపోవచ్చు. మరికొన్ని సందర్భాలలో మన షిఫ్టు వేళలనే పక్క సంస్థ వేళలతో ఢీకొనకుండా కొద్దిగా సవరించుకోవచ్చు. అటువంటి పట్టికతో వెళ్లే ప్రతినిధి వర్గానికి డిపో మేనేజరు వద్ద లభించే ఆదరణ, కేవలం సంతకాల విజ్ఞప్తికి లభించదు.

విద్యుత్ బస్సులు రోడ్డెక్కిన నాడు పత్రికలలో కిలోమీటర్లు, కోట్ల రూపాయలు, ప్రారంభోత్సవ ఛాయాచిత్రాలు వస్తాయి. ఆ వారమే మన గేటు వద్ద మరోమారు అదే పట్టిక నింపి, పాతదాని పక్కన ఉంచి చూద్దాము. రెండవ షిఫ్టు ముగించుకున్న మనిషి ఎన్ని నిమిషాలు ముందుగా ఇల్లు చేరుతున్నాడో ఆ రెండు పట్టికలూ చెబుతాయి.